మిక్సరును, ఎఫెక్ట్సు పెట్టెను ఎన్నుకొను విధము

కృష్ణానది సముద్రముతో గలియు మన సీమలో పాటకును వాద్యమునకును కొదువ యెన్నడును లేదు. మొవ్వ చెంతనున్న కూచిపూడిలో భాగవతులు మద్దెల మ్రోతకు రాత్రులు తెల్లవార్లు ఆడిరి. గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో 1922వ సంవత్సరమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జన్మించిరి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన పిదప మన పల్లెవారు ఇంటి అరుగుపై కూర్చుండియే సంగీతము వినగలిగిరి. నేడు బందరు మొదలు నాగాయలంక వరకు పెండ్లి యూరేగింపులకును, జాతరలకును, క్రిస్మసు వేడుకలకును, వినాయక నిమజ్జనములకును డీజే వచ్చుట వాడుకయైనది. ట్రాక్టరు ట్రక్కుపై సౌండు బాక్సులు పేర్చి, ఒక పాటలోనుండి మరియొక పాటలోనికి తాళము తప్పకుండ జనులను గొనిపోవుట ఆతని పని. ఇదియు నొక విద్యయే. మన బడిలో చదివి వెళ్లిన పిల్లలలో కొందరు దీనితోనే పొట్ట పోసికొనుచున్నారు.

అట్టివారిలో దివిసీమకు చెందిన యొక పూర్వవిద్యార్థి కొంతకాలము క్రిందట మా యొద్దకు వచ్చెను. తండ్రి వరిపంట అమ్మి యిచ్చిన సొమ్ములో కొంత చేత నున్నది. “మాస్టారూ, ఏ ఎఫెక్ట్సు పెట్టె కొనమంటారు?” అని యడిగెను. “నీ మిక్సరు ఎట్టిది?” అని మేము తిరిగి యడిగితిమి. “అదేదో ఒకటి ఉందిలెండి” అని నవ్వెను.

ఆ నవ్వు విన్నంతనే మాకు వేరొక దినము జ్ఞప్తికి వచ్చినది. ఒక బడి వార్షికోత్సవమున, అద్దెకు తెచ్చిన సౌండుసెట్టులో ఎకో మీటను ఎవరో త్రిప్పి యట్లే విడిచిరి. ప్రధానోపాధ్యాయుల నివేదికలో ప్రతి మాటయు తన వెనుక మాటపై బడి నలిగిపోయెను. ఆరవ తరగతి బాలిక యొకతె పద్యము చదివెను. ఆమె అవ్వ కోడూరు అవతలి పల్లెనుండి రెండు బస్సులు మారి వచ్చి వెనుక వరుసలో కూర్చుండినది. “పిల్ల ఏమన్నదయ్యా?” అని ఆమె మమ్ము నడిగినది. మాకును వినబడలేదు. ఆ సెట్టు చవుకది కాదు. దానిలో మీటలకు లోటు లేదు. లోటు ఎన్నికలోను, వాడుకలోను గలదు. కావున ఆ పిల్లవానికి చెప్పినదానినే కొంత విరివిగా ఇచ్చట వ్రాయుచున్నాము.

మిక్సరనగా నేమి?

1855వ సంవత్సరమున విజయవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైననాటినుండి మనవారు కాలువలతోడనే బ్రదుకుచున్నారు గనుక, కాలువను జూపి చెప్పుట సులభము. పలు బోదెలు వచ్చి ఒక కాలువలో గలియుచోట, ఏ బోదె నీరు ఎంత రావలయునో తలుపులనెత్తి దించి నిర్ణయింతురు. మిక్సరు అట్టి కూడలియే. పాట యొక బోదె, రెండవ పాట యొక బోదె, మైకు మరియొక బోదె. ఒక్కొక్క బోదెకు చానలని పేరు. చానలు మొదట నుండు మీట గెయిను. అది లోనికి వచ్చు ధ్వని ఎంత యుండవలెనో నిర్ణయించును. దాని పిదప ఈక్వలైజరు. అది క్రింది, నడిమి, పై స్వరములను వేర్వేరుగ హెచ్చించి తగ్గించును. పిమ్మట ఫేడరు; అది చేతితో పైకి క్రిందికి జరుపు తలుపు. డీజే మిక్సరులో దీనికి తోడు అడ్డముగా జరుగు క్రాస్‌ఫేడరు కలదు. అది యొక ప్రక్క నున్న పాటను తగ్గించుచు రెండవ ప్రక్క పాటను హెచ్చించును.

గట్టుకు మించి నీరు వదలినచో గట్టు తెగునుగదా! ధ్వనియు నంతియే. గెయిను హద్దు మీరినప్పుడు ధ్వనితరంగపు శిఖరములు కత్తితో గోసినట్లు చదునగును. అప్పుడు పాట గరగరలాడును. లౌడుస్పీకరులోని సన్నని తీగచుట్ట వేడెక్కి మాడిపోవుటయు కలదు. మిక్సరుపై ఎర్రదీపము వెలుగుట దీనికి హెచ్చరిక. ఎర్రదీపము శక్తికి గురుతని మన యువకులు కొందరు తలంచుచున్నారు. అది శక్తికి గాదు, నష్టమునకు గురుతు.

ఈ విద్య పుట్టిన తీరు

విద్యార్థులారా, ఈ యంత్రములు ధనవంతుల మేడలలో పుట్టలేదు. జమైకా దీవి రాజధాని కింగ్‌స్టనులో విద్యుత్పరికరములు బాగుచేయు వృత్తిగల కింగ్ టబ్బీ యనునతడు 1970 తరువాతి సంవత్సరములలో మిక్సింగు బల్లనే వాద్యముగా జేసికొనెను. పాటలో గాత్రమును తీసివేసి, ఢంకను నిలిపి, ఒక్క మాటను మాత్రము ఎకోలోనికి వదలుచు క్రొత్త సంగీతమును కల్పించెను. ఆ దీవిలోనే పుట్టి న్యూయార్కు చేరిన కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11వ తేదీన బ్రాంక్సు పేటలో తన చెల్లెలి వేడుకకు రెండు గ్రామఫోను బల్లలతో పాటలు వేసెను. అదే పేటలో పెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వృత్తివిద్యా పాఠశాలలో విద్యుత్తును గూర్చి చదివినవాడు. జనులకు వినబడక ముందే రాబోవు పాటను హెడ్‌ఫోనులో తాను వినుటకై ఒక స్విచ్చిని స్వయముగా అమర్చుకొనెను. నేడు ప్రతి డీజే మిక్సరుపైనను ఉండు క్యూ మీట పని యిదియే. బడిలో నేర్చినది చేతిలోనికి వచ్చిన విధమును గమనింపుడు.

తగిన మిక్సరు

మొదటిది, చానలుల లెక్క. రెండు పాటలకు రెండు చాలును. కాని మన పల్లె వేడుకలలో పాటలు మాత్రమే యుండవు. వ్యాఖ్యాత మాటలాడును, పెండ్లివారి పెద్ద యొకడు మైకు నడుగును, డప్పుల జట్టు వచ్చి చేరును. కావున రెండు పాటల చానలులును, వేరు గెయినును వేరు ఈక్వలైజరును గల రెండు మైకు ప్రవేశములును ఉండుట మేలు. ఆరు పాటల చానలులుండి ఒక్క మైకునకు సరియైన మీట లేనిదానికంటె ఇది యుత్తమము. గ్రామఫోను రికార్డులు వాడనివారికి ఫోనో ప్రవేశము లేకున్నను లోటు లేదు. దానికొరకు ఎక్కువ వెల పెట్టనక్కరలేదు.

రెండవది, ఈక్వలైజరు. రెండు పాటల బేసు ఒక్కసారి కలిసినచో రెండు ఎడ్లబండ్లు ఇరుకుసందులో ఎదురైనట్లగును. అనుభవజ్ఞుడు రాబోవు పాట బేసును మొదట తగ్గించి యుంచును. తాళము కలిసిన పిమ్మట పాతపాట బేసును దించి, క్రొత్తదానిని ఎత్తును. దీనికి బేసు మీట పూర్తిగా మూయునట్టిదై యుండవలెను. ఈ యొక్క నేర్పు అబ్బినవానికి ఎఫెక్ట్సు అవసరము సగము తగ్గును.

మూడవది, దీపముల వరుస. ప్రతి చానలునకు వేరుగా మట్టము చూపు దీపములుండవలెను. చీకటిలో చెవి యలసిపోవును. అలసిన చెవి ఎంత ధ్వనియైనను తక్కువయే యనును. దీపము అలయదు.

నాలుగవది, బయటికి పోవు దారులు. మన ఊరేగింపులలో తీగలు దూరము పోవును, ప్రక్కనే జెనరేటరు మ్రోగుచుండును. మూడు ముల్లుల ఎక్సెల్లార్ దారి యున్నచో తీగ త్రోవలో పట్టిన గురగుర చాలవరకు తొలగును. ఎఫెక్ట్సు పెట్టెను తగిలించుటకు సెండు, రిటర్ను అను జంట దారులున్నవో లేవో చూడవలెను. ఇవి లేని మిక్సరు కొనినవాడు తరువాత విచారించును.

అయిదవది, మరమ్మతు. బందరు మొదలు హంసలదీవి వరకు సముద్రపు ఉప్పుగాలి వీచును. వేసవి దుమ్మును, ఉప్పుతేమయు ఫేడరులోనికి దిగి, జరిపినప్పుడెల్ల చరచరలాడించును. ఫేడరును విప్పి మార్చుటకు వీలైనదియు, దాని భాగములు విజయవాడలోనైనను దొరకునదియు కొనవలెను. పని ముగిసినంతనే ఆరిన గుడ్డతో తుడిచి మూతవేయవలెను. కొబ్బరినూనెయో యంత్రపు నూనెయో పోయుట తగదు. అది దుమ్మును మరింత పట్టును.

లాప్‌టాపునకు తగిలించు కంట్రోలరును గూర్చి కొందరడుగుదురు. అది చవుక, తేలిక, నేర్చుకొనుటకు మంచిది. కాని వానిలో కొన్నిటియందు మిశ్రమమంతయు కంప్యూటరులోనే జరుగును. కంప్యూటరు నిలిచిపోయినచో పాటతోపాటు మైకును మూగబోవును. గుంపులో బిడ్డ తప్పిపోయినప్పుడో, దీపపు తీగ తెగినప్పుడో మైకు పలుకకున్న ఏమగునో యోచింపుడు. కంప్యూటరు లేకున్నను మైకు పలుకు కంట్రోలరులు గలవు, అట్టివానినే యెన్నుకొనవలెను.

ఎఫెక్ట్సు మూడు

పేరులు పదులు గలవు గాని, ముఖ్యమైనవి మూడు. ఎకో ధ్వనిని కొంతసేపు దాచి మరల పలికించును. రివర్బు వేలకొలది చిన్న ప్రతిధ్వనులను కలిపి, పెద్ద మందిరములో పాడినట్లు తోపజేయును. ఫిల్టరు క్రింది స్వరములనో పై స్వరములనో క్రమముగా తొలగించును. పాట దూరమున తలుపు వెనుకకు పోయి మరల దగ్గరకు వచ్చినట్లుండును. పూర్వము ఎకోను టేపుతో చేసెడివారు. 1974లో జపానుదేశపు రోలాండు కంపెనీవారు వెలువరించిన స్పేస్ ఎకో అట్టిదే. దానిలో టేపు చుట్టు తిరుగుచు, ఒక తలకట్టు వ్రాసినదానిని దూరదూరముగా నున్న ఇతర తలకట్టులు చదివెడివి. నేడు ఆ పనిని చిన్న గణకయంత్రపు బిళ్ల చేయుచున్నది.

ఇచ్చట మన లెక్కలపాఠము పనికివచ్చును. పాటలో నిమిషమునకు 120 దెబ్బలున్నవనుకొనుడు. నిమిషమునకు 60,000 మిల్లీసెకనులు. 60,000ను 120చేత భాగించిన 500 వచ్చును. ఇది యొక దెబ్బ కాలము. ఎకోను 500కు గాని, సగమగు 250కి గాని, ముప్పాతికయగు 375కు గాని నిలిపిన తాళమున గలియును. 430కి నిలిపినచో ప్రతి పలుకును నడక తప్పిన యెద్దువలె కాలికి అడ్డము వచ్చును. నిమిషమునకు 100 దెబ్బలైన ఒక దెబ్బ 600, సగము 300. మంచి పెట్టె ఈ లెక్కను తానే చేసికొనును. కాని డప్పులజట్టు ప్రత్యక్షముగా వాయించుచున్నప్పుడు యంత్రపు ఊహ తప్పుట కలదు. అందుచే వ్రేలితో తాళము కొట్టి చెప్పుటకు ట్యాప్ మీట యున్న పెట్టెనే కొనవలెను.

తగిలించు విధములు రెండు. కాలువకు అడ్డముగా పెట్టెను నిలిపి, ధ్వనియంతయు దానిగుండ పోనిచ్చుట యొకటి. ఫిల్టరునకు ఇది తగును. కాని పెట్టె చెడినచో పాటయే ఆగును. సెండు దారిన కొంత ధ్వనిని పెట్టెలోనికి పంపి, రిటర్ను దారిన తెచ్చి అసలు పాటకు కలుపుట రెండవది. ఎకోకును రివర్బునకును ఇదియే మేలు. పెట్టె మూగబోయినను అసలు పాట నిలుచును. పెట్టెపై ఎఫెక్టు పాలు ఎంతయో చెప్పు మీట పెద్దదిగా నుండవలెను. ఆపు మీట చీకటిలో వ్రేలికి తగులవలెను. ఆపినప్పుడు ఎకో తోక మెల్లగా నణగిపోవునా, చటుక్కున తెగునా యనునదియు చూచుకొనవలెను.

స్థలమును బట్టి కొలత

వేసవిగాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోవును. మీకు పదునేడున్నర మీటర్ల దూరమున గోడ యున్నచో, మీ మాట పోయి వచ్చుటకు సెకనులో పదియవవంతు పట్టును. ఇరువైపుల మేడలున్న బందరు వీధిలోను, రేకుల కప్పు గల కల్యాణమండపములోను ప్రకృతియే ఎకోను వేసి యుంచినది. అచ్చట పెట్టె ఎకో కలుపుట ఉప్పుచేపకు ఉప్పు చల్లుటయే. దివిసీమ పొలముల నడుమ కోతలైన బయలులో గోడ లేదు; అచ్చట పాటకు కొంచెము రివర్బు అందము నిచ్చును. ఎచ్చటనైనను మాటలాడు మైకునకు మాత్రము ఎఫెక్టు కూడదు. పాటల చానలునకు వేసిన ఎకో మైకు చానలునకు సోకకుండ వేరుపరచగల మిక్సరే మంచి మిక్సరని దీనినిబట్టి తెలియుచున్నది.

చెవి, చట్టము

లోపలిచెవిలో నత్తగుల్లవంటి భాగమున సన్నని రోమకణములు గలవు. అవి నశించినచో మనుష్యునికి మరల మొలవవు. 85 డెసిబెల్లుల ధ్వనిలో దినమునకు 8 గంటలకు మించి యుండరాదని అమెరికా వృత్తిక్షేమ పరిశోధకులు నిర్ణయించిరి. ఆపై ప్రతి 3 డెసిబెల్లులకు కాలము సగమగును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కు 1 గంట, 100కు 15 నిమిషములే. ఇచ్చటనే యొక వింత గలదు. ఆంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినచో పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. వినువారికి పెద్దగా తేడా తోపదు. కాని చెవికి క్షేమమైన కాలము సరిగా సగమగును. సొమ్ము రెట్టింపు, లాభము స్వల్పము, నష్టము రెట్టింపు! ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో సంగీతశాలలకు ఏర్పరచిన ప్రమాణమున 15 నిమిషముల సగటు 100 డెసిబెల్లులు మించరాదని చెప్పినది.

మనదేశమున 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు గలవు. వ్రాతమూలకమైన అనుమతి లేనిదే లౌడుస్పీకరు వాడరాదు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగమున వేయరాదు. పండుగలకై రాష్ట్రప్రభుత్వము ఏటికి 15 దినములు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపవచ్చును. నివాసస్థలములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. ఆసుపత్రులకును, బడులకును, న్యాయస్థానములకును చుట్టు 100 మీటర్లవరకు నిశ్శబ్దమండలముగా ఏర్పరుపవచ్చును. కావున ధ్వనిని ఒక హద్దు దాటనీయని లిమిటరు మిక్సరులోగాని, దాని వెనుకగాని తప్పక యుండవలెను. డీజే తన చెవులకు రక్షణగా చెవిబిరడాలు వాడవలెను. ట్రక్కుచుట్టు గంతులువేయు చిన్నపిల్లలను బాక్సుల యెదుటనుండి దూరముగా నుంచవలెను. బయలులో దూరము రెట్టింపైనచో ధ్వని సుమారు 6 డెసిబెల్లులు తగ్గును. కొద్ది అడుగులు వెనుకకు జరుపుటయే పెద్ద మేలు.

కొనుటకు ముందు పరీక్ష

అంగడిలో అంగడివాని పాట వినరాదు. నీకు కంఠస్థమైన నీ పాటను, నీ మైకును తీసికొనిపొమ్ము. అన్ని ఫేడరులు దించి, చెవి యొగ్గి విను: బుస వచ్చుచున్నదా? ప్రతి ఫేడరును మెల్లగా నడుపుము: చరచరలున్నవా? ధ్వనిని తగ్గించి, మైకులో పది యూళ్ల పేరులు చదువుము: అవనిగడ్డ, ఘంటసాల, పెడన, పామర్రు... తోడివచ్చినవానిని దూరముగ నిలిపి ఎన్ని సరిగా వ్రాసికొనెనో చూడుము. పిమ్మట ఎకో వేసి మరల చదువుము. రెండు చీటీలను పోల్చినచో ఎఫెక్టు ఎచ్చట వాడవలెనో, ఎచ్చట కూడదో నీకే తెలియును. సొమ్ము పరిమితమైనప్పుడు మొదట మైకు, పిదప మిక్సరు, పిదప మంచి తీగలు, కడపట ఎఫెక్ట్సు పెట్టె. ఇది మా వరుస.

ఆ పిల్లవాడు మా మాటకు మొదట కొంత చిన్నబుచ్చుకొనెను. తన తోడివారందరికి మెరయు పెట్టెలున్నవనెను. కాని అంగడికి పోయి, ఊళ్ల పేరులు చదివి, చీటీలు పోల్చి, రెండు మైకు దారులు గల సాదా మిక్సరును, రెండు మైకులను కొని తెచ్చెను. ఆ యేడు వార్షికోత్సవమునకు తానే సెట్టు పెట్టెదనని వచ్చెను. మైకుల చానలులకు ఎఫెక్టు ఏదియు తగిలింపలేదు. ఆ బాలిక, ఇప్పుడు ఏడవ తరగతి, మరల పద్యము చదివెను. సభ ముగిసిన పిమ్మట మేము అవ్వయొద్దకు పోయితిమి. ఆమె పద్యములో రెండవపాదమున మనుమరాలు ఒక మాట తడబడినదనియు, ఇంటివద్ద చక్కగా చెప్పినదే ఇచ్చట తడబడినదనియు మాతో వాదించినది. సౌండుసెట్టును గూర్చి యొక్క మాటయు ననలేదు.

వేదికప్రక్క తీగలు చుట్టుకొనుచున్న ఆ పిల్లవానికి ఈ సంగతి చెప్పితిమి. “అయితే ఆ తడబాటు కూడ వెనకదాకా వినపడిందన్నమాట” అని అతడు సంతోషించెను. మరుసటి సంవత్సరము ఒక చిన్న ఎఫెక్ట్సు పెట్టెను గూడ కొనెను. ట్యాప్ మీటయు, చీకటిలో దొరకు ఆపు మీటయు గలది.